సత్తు దేగ్చా వెనక ముకద్దమా

మా సింహాద్రిపురం వైపు సత్తుగిన్నె అంటాం, సిల్వర్ గిన్నె అంటాం. అసలు పేరు అల్యూమినియం. రాగి దేగ్చాలాగా దీనికి కళాయి పూయించే జంజాటం లేదు. 1898లో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చాటర్టన్ దొర ఈ గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు. అప్పుడు మన కడప కూడా ఆ ప్రెసిడెన్సీలోదే.

ఈ లోహం సస్తా కావడం వెనక ఓ ముకద్దమా ఉంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే తరీఖా కనిపెట్టారు: కరిగిన క్రయొలైట్‌లో అల్యూమినా కలిపి కరెంటు పంపడం. అమెరికాలో ఎరూ మేలోనే దరఖాస్తు పెట్టాడు, హాల్ జులైలో. కానీ ఫిబ్రవరి 23నే లోహం తీశానని హాల్ గవాహీతో రుజువు చేశాడు. 1889లో పేటెంటు అతనికే దక్కింది.

తర్వాత కౌల్స్ కంపెనీ అదే పద్ధతి వాడితే హాల్ కంపెనీ దావా వేసింది. కరెంటుతో లోహాన్ని విడదీయడం పాత విద్యే, పేటెంటేమిటని కౌల్స్ వాదన. కరెంటు ఎవరి జాగీరూ కాదు, నిజమే. కానీ అల్యూమినాను ఆ ద్రవంలో కరిగించి విడదీయడం కొత్తదేనని 1893లో జడ్జి టాఫ్ట్ హాల్ వైపే ఫైసలా ఇచ్చాడు. ఈయనే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

మన 1970 పేటెంట్ల కానూన్ కూడా శాస్త్ర సూత్రానికి పేటెంటు ఇవ్వదు, కొత్త తరీఖాకు ఇస్తుంది. అయితే ఇక్కడ ముందు దరఖాస్తు పెట్టినవాడిదే హక్కు. ఆ లెక్కన ఎరూ గెలిచేవాడు. అందుకే మన కారీగర్ బిడ్డలకు నా మాట ఒకటే: హునర్ చేతిలో ఉంటే చాలదు, కాగితం మీదికీ ఎక్కాలి, అదీ వేళకు.