ఒక్క బిట్టు తేడా

బనగానపల్లె నుంచి నంద్యాల వైపు పోతుంటే ఒక చేలో జొన్న, ఇంకో చేలో పత్తి కనిపిస్తాయి. ఒకటి తింటాం, ఒకటి కట్టుకుంటాం. జొన్నలోని పిండీ, పత్తిలోని దూదీ... రెండూ గ్లూకోజు గొలుసులే! మరి రొట్టె అరిగినట్టు దూది ఎందుకు అరగదు?

ఇంటర్లో ఆల్ఫా, బీటా అని బట్టీపట్టి, ఎంసెట్ అవగానే మర్చిపోయిన బాపతు నేను. ఈ మధ్య మళ్ళీ చదివితే అసలు కథ ఇప్పుడు తెలిసింది.

1838లో పాయెన్ అనే ఫ్రెంచాయన మొక్కల్లోంచి సెల్యులోజుని వేరుచేశాడు. చూస్తే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నీ పిండిలో ఉన్న పాళ్ళలోనే ఉన్నాయి. 1846లో దుబ్రన్‌ఫో ఇంకో వింత చూశాడు. అప్పుడే నీళ్ళలో కలిపిన గ్లూకోజు ధ్రువిత కాంతిని బాగా తిప్పుతుంది, కాసేపటికి ఆ తిప్పుడు తగ్గి ఒకచోట ఆగుతుంది. ఎవరూ ఏమీ కలపలేదే, మరి మారిందేమిటి?

1891లో ఎమిల్ ఫిషర్ గ్లూకోజు నిర్మాణం తేల్చాడు. 1895లో తాన్రే దాని రూపాల్ని విడివిడిగా పట్టుకున్నాడు. ఇవాళ్టి లెక్కల్లో ఆల్ఫా 112 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, బీటా 19 దగ్గర. నీళ్ళలో రెండూ ఒకదాన్నుంచి ఇంకోటిగా మారుతూ చివరికి 53 దగ్గర కలుస్తాయి. 1920ల్లో హావర్త్ దాన్ని ఆరు మూలల ఉంగరంగా చూపించాడు. మొదటి కార్బన్ మీది ఓహెచ్ కిందికుంటే ఆల్ఫా, పైకుంటే బీటా. అంతే, ఒక్క బిట్టు!

గొలుసులో చేరాక మాత్రం ఆ బిట్టు బిగుసుకుపోతుంది. ఆల్ఫాలు కలిస్తే మెలితిరిగిన పిండి, మన ఉమ్మిలోని ఎంజైమే దాన్ని కొరుకుతుంది. బీటాలు కలిస్తే తిన్నటి గొలుసులు, పక్కపక్కన అతుక్కుని నార. దాన్ని తెంచే ఎంజైము మన ఒంట్లో లేదు. ఆవుక్కూడా సొంతంగా లేదు, ఆ పని దాని కడుపులోని సూక్ష్మజీవులది.

ఇదంతా పుస్తకాల గోల అనుకోకండి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి కూడు పెట్టాడు, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. పదేళ్ళకే, 1876లో, అంతకంటే ఘోరమైన ధాత కరువు. ఆకలితో చచ్చేవాడి కాళ్ళకింద ఎండుగడ్డి ఉన్నా అది గ్లూకోజు మూటే, కానీ మూట విప్పే తాళంచెవి మనిషికి లేదు.

"గడ్డి తిని బతకమంటావా?" అని మనవాళ్ళు కోపంగా అడుగుతారు కదా. బతకలేం. ఒక్క బిట్టు అడ్డం.