మోటార్ న్యూరాన్ వ్యాధి: పథ్యం, పోషణ (బహ్రెయిన్)

కండరాలను నడిపే నాడీకణాలు క్షీణించే ఈ వ్యాధిలో పథ్యం పేరుతో తిండి తగ్గించడం ప్రమాదకరం. మింగడం కష్టమై రోగి ఎలాగూ తక్కువే తింటాడు. పైగా చాలామందిలో శరీరం విశ్రాంతిలోనూ మామూలుకంటే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. బరువు త్వరగా తగ్గేవారిలో వ్యాధి వేగంగా ముదురుతుంది. అదనపు కొవ్వు ఇచ్చి చూసిన జర్మనీ పరీక్షలో (2020) మొత్తంమీద ఆయుష్షు పెరగలేదు. వ్యాధి వేగంగా ముదిరినవారికి కొంత మేలు జరిగిన సూచన మాత్రం కనిపించింది.

బహ్రెయిన్‌లో రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు మతమే మినహాయింపునిస్తుంది. అక్కడి తెలుగు ఇళ్లలో ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలకూ ఇదే వర్తించాలి. గోధుమ, మాంసం మెత్తగా ఉడికించి మెదిపిన హరీస్ మింగడానికి అనువు. అక్కడి పొడిపొడి మచ్‌బూస్ అన్నం అనువు కాదు. మన పలుచని చారు ఊపిరితిత్తుల్లోకి జారే భయముంది, ముక్కలు తేలే సాంబారు మరీ చిక్కు. నెయ్యి వేసి మెత్తగా పిసికిన పప్పన్నం నయం. ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో, పొలమారుతుందని నీళ్లు మానేయకుండా చిక్కదనమిచ్చే పొడి కలిపి తాగించాలి. ఈ వ్యాధికి వాడే రిలుజోల్ మాత్రను భోజనానికి గంట ముందు గానీ, రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఆహారం అందించడానికి పొట్టలోకి గొట్టం అమర్చాల్సివస్తే, శ్వాస బాగా బలహీనపడకముందే అమర్చడం సురక్షితం.