రక్తం చూసి తలుపేసిన చట్టం: యల్లాప్రగడ సుబ్బారావు కాలపు అమెరికా

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం, వినడం కంటే చదువుకోవడమే నచ్చేవాళ్ల కోసం, అదే విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా పెట్టాను.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. యాన్బూలో పనిచేసే ఒక తమ్ముడు పంపాడు. వాళ్ల బావమరిదికి గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ వచ్చిందట. చిన్నప్పుడెప్పుడో వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో పడింది. వీసాకి తెచ్చిన అప్పు అలాగే ఉంది, మనిషి ఇంట్లోనే ఉన్నాడు. "అన్నా, మనిషి ఒంటిని చూసి దేశంలోకి రానివ్వాలా వద్దా అనే పద్ధతి ఎవరు పెట్టారు?" అని అడిగాడు.

దీనికి రెండు జవాబులున్నాయి. వాటిని కలిపేయకూడదు. అంటురోగం ఉన్నవాళ్లని రేవులో ఆపడం చాలా పాత పద్ధతి. ప్లేగు కాలం నుంచీ ఉంది. అందులో అన్యాయాలు జరగొచ్చు కానీ వెనక ఒక కారణం ఉంది: జబ్బు పాకకూడదు. రెండోది వేరు. "ఈ మనిషికి ఇప్పుడు జబ్బు లేకపోవచ్చు. కానీ వీడి పుట్టుకలోనే లోపముంది. వీడి పిల్లలూ ఇంతే, వీడి జాతీ ఇంతే" అనే మాట. ఆ మాటని సైన్సు అని పిలిచి, పార్లమెంటుకి తీసుకెళ్లి, చట్టం చేసిన చోటు అమెరికా. సుమారు నూరేళ్ల కిందటి సంగతి. ఆ చట్టాల నీడలో పాతికేళ్లు బతికిన ఒక తెలుగువాడి కథ కూడా ఇందులో ఉంది.

సుద్దముక్క గుర్తులు

1883లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి యూజెనిక్స్ అనే పేరు పెట్టాడు. తెలుగులో సుజనన శాస్త్రం అంటారు. పశువుల్లో మేలుజాతి ఎద్దుని ఎంచి సంతతి పెంచినట్టే మనుషుల్లోనూ "మంచి" వంశాలు పెరగాలి, "చెడ్డ" వంశాలు తగ్గాలి అని దాని సారాంశం. పేదరికం, నేరం, పిచ్చి, తాగుడు అన్నీ రక్తంలోనే వస్తాయని వీళ్ల నమ్మకం. జీతం చాలకపోవడం, తిండి చాలకపోవడం వీళ్ల లెక్కలోకి రాలేదు.

ఆ రోజుల్లో న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ద్వీపంలో ఓడ దిగిన కూలీలు వరసగా మెట్లెక్కుతుంటే డాక్టర్లు నిలబడి చూసేవాళ్లు. ఒక్కో మనిషికి కొన్ని సెకన్లే. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఇంగ్లిషు అక్షరం రాసేవాళ్లు. గుండెకి హెచ్, కుంటితనానికి ఎల్, కళ్లకి ఈ. బుర్ర సరిగా లేదని అనుమానమొస్తే ఎక్స్. 1907 చట్టం మందబుద్ధి ఉన్నవాళ్లని, సంపాదనకి అడ్డొచ్చే శారీరక లోపం ఉన్నవాళ్లని వెనక్కి పంపమంది.

హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1910ల్లో అక్కడే తెలివితేటల పరీక్షలు పెట్టించి, తను ఎంచుకున్న కొద్దిమందిలో ఎక్కువ మందిని మందబుద్ధులని తేల్చాడు. ఒక్కసారి ఆలోచించండి. రోజుల తరబడి ఓడ అడుగున పడి వచ్చిన మనిషి. భాష రాదు. కొందరు అంతకుముందు పెన్సిలు కూడా పట్టుకోలేదు. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో రాత్రి రెండింటికి దిగి, బయటికి రాకముందే మన చేతిలో అరబ్బీలో ప్రశ్నపత్రం పెడితే మన తెలివి ఎంత తేలుతుంది?

లెక్కలు చూపించి చెప్పిన అబద్ధం

1910లో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఛార్లెస్ డావెన్‌పోర్ట్ యూజెనిక్స్ రికార్డ్ ఆఫీస్ పెట్టాడు. దాన్ని నడిపిన మనిషి హ్యారీ లాఫ్లిన్. రైల్వే యజమాని హారిమన్ భార్య, ఆ తర్వాత కార్నెగీ సంస్థ డబ్బులిచ్చారు. అమెరికా ప్రతినిధుల సభలో వలసల కమిటీకి అధ్యక్షుడు ఆల్బర్ట్ జాన్సన్. ఆయన ఈ లాఫ్లిన్‌ని తన కమిటీకి సుజనన నిపుణుడిగా పెట్టుకున్నాడు.

లాఫ్లిన్ 445 ప్రభుత్వ సంస్థల నుంచి లెక్కలు తెప్పించాడు. పిచ్చాసుపత్రులు, జైళ్లు, అనాథాశ్రమాలు లాంటివి. ఏ దేశంలో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో పట్టికలు వేశాడు. దక్షిణ, తూర్పు యూరప్ నుంచి వస్తున్న ఇటలీవాళ్లు, యూదులు, పోలండువాళ్ల రక్తమే నాసిరకం అని కమిటీ ముందు చెప్పాడు. తప్పు ఎక్కడుందో మనకి ఇట్టే అర్థమవుతుంది. డబ్బున్నవాడు తన ఇంట్లో మనిషికి మతి చెడితే ప్రైవేటులో చూపిస్తాడు. దిక్కులేనివాడే సర్కారు వార్డులో తేలతాడు. మన పెద్దాసుపత్రి జనరల్ వార్డులో తలలు లెక్కపెట్టి, రోగాలన్నీ కూలీల రక్తంలోనే ఉన్నాయని తేల్చడం ఎలాంటిదో ఇదీ అంతే.

తప్పు పట్టినవాళ్లు లేకపోలేదు. హెర్బర్ట్ జెన్నింగ్స్ అనే జీవశాస్త్రవేత్త అవే అంకెలు తీసి, ఐర్లండువాళ్ల వాటా కూడా ఎక్కువగానే ఉంది కదా, మరి వాళ్లని వదిలి వీళ్లని ఎందుకు ఆపుతున్నారు అని అడిగాడు. కమిటీ ఆయనకి ఇచ్చిన సమయం చాలా తక్కువ.

1924 మే 26న అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకంతో జాన్సన్-రీడ్ చట్టం వచ్చింది. ఒక్కో దేశానికి కోటా పెట్టారు. కిటుకంతా లెక్క కట్టిన సంవత్సరంలో ఉంది. 1921లో తెచ్చిన చట్టం 1910 జనాభా లెక్కల్లో మూడు శాతం అంది. 1924 చట్టం వెనక్కి వెళ్లి 1890 లెక్కలు పట్టుకుని, రెండు శాతమే అంది. 1890 నాటికి ఇటలీవాళ్లు, యూదులు అమెరికాలో తక్కువ. మన క్యాంపులో ఇప్పుడు 200 మంది తెలుగువాళ్లున్నా, మెస్‌వాడు ముప్ఫై ఏళ్ల కిందటి హాజరు పట్టీ తీసి, అప్పుడు అయిదుగురే ఉన్నారు కాబట్టి అన్నం అయిదుగురికే వండుతాను అంటే ఎలా ఉంటుంది? ఇటలీ కోటా ఏడాదికి 42 వేల నుంచి 4 వేల లోపుకి పడిపోయింది.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఈ చట్టాన్ని సుజనన శాస్త్రం ఒక్కటే తేలేదు. జీతాలు పడిపోతాయని కార్మిక సంఘాల భయం, యుద్ధం తర్వాతి అనుమానాలు, పాత జాతి ద్వేషం అన్నీ కలిశాయి. చైనావాళ్లని ఆపిన చట్టం 1882లోనే వచ్చింది. సుజననం చేసిన పని ఏంటంటే, ఆ ద్వేషానికి తెల్లకోటు తొడిగింది. "మాకు వీళ్లు నచ్చరు" అనడానికి సిగ్గుపడేవాళ్లు కూడా "సైన్సు చెబుతోంది" అని ధీమాగా అనగలిగారు.

మనవాళ్ల సంగతి

మన దేశానికి కోటా గొడవ కూడా లేదు. 1917 చట్టం ఆసియాలో ఒక పెద్ద ప్రాంతాన్ని గీత గీసి, అక్కడి కూలీలు రాకూడదంది. అందులో భారతదేశం ఉంది. విద్యార్థులకీ డాక్టర్లకీ మాత్రం మినహాయింపు. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే "తెల్లవారు" కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తీర్పిచ్చింది. థింద్ పంజాబీ సిక్కు. కలప మిల్లులో పనిచేశాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో ఉన్నాడు. అంతకుముందే పౌరసత్వం వచ్చిన భారతీయుల దగ్గర కూడా దాన్ని లాక్కున్నారు. వాళ్లలో ఒకరైన వైష్ణో దాస్ బగాయ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణదారు. ఏ దేశానికీ చెందనివాడిగా మిగిలిపోయి 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

థింద్ తరఫు వాదన కూడా మనం దాచుకోకూడదు. నేను ఆర్యుణ్ణి, పై కులంవాణ్ణి, మా రక్తం కలవలేదు అనేదే ఆ వాదన. మనుషులంతా సమానమని అనలేదు, నన్ను పై వరసలో కూచోబెట్టమన్నారు. కోర్టు ఆ వరసలోనూ చోటివ్వలేదు.

అదే రోజుల్లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. మద్రాసులో వైద్యం చదివిన మనిషి. అన్నదమ్ములు జబ్బుతో పోవడం చూసిన మనిషి. ఆయన ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సాయం చేసింది. ఆ సత్యలింగం నాయకర్ రంగూన్ వెళ్లి సంపాదించినవాడు. ఒక వలస మనిషి కష్టార్జితం ఇంకో వలస మనిషిని సముద్రం దాటించింది.

హార్వర్డ్‌లో చదువుతూ, పొట్టకూటి కోసం ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి వెళ్లారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఈరోజు మన ఇళ్లలో గర్భిణులకి ఇచ్చే మాత్ర అదే. కేన్సర్‌కీ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ అక్కడిదే. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా అక్కడిదే.

ఇంత చేసిన మనిషికి అమెరికాలో పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే హక్కే లేదు. 1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ భారతీయులకి ఆ దారి తెరుచుకోలేదు, అదీ ఏడాదికి వంద మంది వలసదారుల కోటాతో. రెండేళ్లకి, 1948 ఆగస్టులో ఆయన పోయారు. అమెరికా పౌరుడు కాకుండానే, మళ్లీ ఇండియా చూడకుండానే.

అయితే ఆయన మందులు కనిపెట్టాడు కాబట్టే చట్టం తప్పు అనుకోవద్దు. ఏమీ కనిపెట్టకుండా జీవితాంతం కలప మోసినవాడి విషయంలోనూ ఆ చట్టం అంతే తప్పు. గొప్పవాళ్లకి మినహాయింపు అడగడం థింద్ వాదన లాంటిదే అవుతుంది.

చివరికి ఏమైంది

లాఫ్లిన్ రాసిన నమూనా చట్టం లాంటిదే 1933లో హిట్లర్ జర్మనీ తెచ్చింది. బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే చట్టం అది. 1936లో హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయం లాఫ్లిన్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ జర్మనీ నుంచి పారిపోదామనుకున్న యూదులకి అమెరికా తలుపు దగ్గర అడ్డొచ్చింది 1924 కోటాలే. మూర్ఛ ఉన్నవాళ్లు సంతానానికి పనికిరారని రాసిన లాఫ్లిన్‌కే తర్వాత మూర్ఛ వచ్చింది. ఆఫీసు 1939లో మూతపడింది. దేశాలవారీ కోటాలు మాత్రం 1965 దాకా ఉన్నాయి. బ్రూక్లిన్ సభ్యుడు ఇమాన్యుయెల్ సెల్లర్ కొత్తగా సభకి వచ్చి 1924లో ఆ బిల్లుని వ్యతిరేకించాడు. నలభై ఒక్క ఏళ్ల తర్వాత దాన్ని రద్దు చేసిన చట్టం మీద ఆయన పేరే ఉంది. ఇవాళ అమెరికాలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉండటానికి ఆ 1965 చట్టమే దారి.

ఇప్పుడు యాన్బూ తమ్ముడికి నా జవాబు. మన గల్ఫ్ మెడికల్ సుజననం కాదు. అది జబ్బు చూస్తుంది, జాతి చూడదు. మానిన మచ్చకీ ఉన్న జబ్బుకీ తేడా చూడకపోతే అది అన్యాయమే, దాన్ని అన్యాయమనే అడగాలి. మీ బావమరిదితో ఒక్క మాట చెప్పు: ఆ కాగితం ఎక్స్‌రే గురించి రాసింది, ఆయన గురించి కాదు.

సుజననం బతికున్న చోటు వేరే ఉంది. ఒకే పనికి పాస్‌పోర్టు రంగు చూసి జీతం కట్టేచోట ఉంది. "ఆ దేశంవాళ్లు పుట్టు బద్ధకస్తులు", "వాళ్లకి బుర్ర ఉండదు" అని మన క్యాంపు మెస్‌లో మనమే అనే మాటల్లో ఉంది. ఊళ్లో కులం చూసి పిల్లనిచ్చే లెక్కలో ఉంది. ఎవరైనా ఒక జాతి గురించి అంకెలు చూపించినప్పుడు, లాఫ్లిన్‌ని అడగాల్సిన ప్రశ్నే అడగండి: ఎవర్ని లెక్కపెట్టావు, ఎక్కడ లెక్కపెట్టావు, ఎవర్ని వదిలేశావు?

మెడికల్‌లో మీకు ఎదురైన సంగతులు వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. పేర్లు బయటపెట్టను. వచ్చే ఎపిసోడ్‌లో రంగూన్ వెళ్లిన మన కోరంగి కూలీల గురించి మాట్లాడుకుందాం.