టారగోనా గోడ కట్టినోళ్లు ఎవరు?

స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున టారగోనా అనే ఊరుంది. హానిబాల్‌తో యుద్ధంలో క్రీ.పూ. 218లో రోమన్ సైన్యం అక్కడ విడిది పెట్టింది. తర్వాత వందేళ్లలో రెండు విడతలుగా కోటగోడ కట్టారు. సుమారు 3,500 మీటర్ల గోడలో 1,100 మీటర్లే మిగిలింది. కింద చెక్కని పెద్ద బండలు, వాటిపైన చెక్కిన రాళ్లు.

ఊరు కట్టించిన ఘనత సిపియోలనే సేనానులకే ఇస్తారు. కానీ మీరెప్పుడైనా వెళితే ఆ చెక్కిన రాళ్లను దగ్గరగా చూడండి. కొన్నింటి మీద ఐబీరియన్ అక్షరాల గుర్తులున్నాయి. ఐబీరియన్లంటే రోమన్ల కంటే ముందునుంచే ఆ నేల మీద బతికినోళ్లు. గోడ రోముదే, రాయి కొట్టిన చేతుల్లో మాత్రం అక్కడోళ్లవీ ఉన్నాయి.

పాత కట్టడం ఏది చూసినా కట్టించినోడి పేరు దగ్గరే ఆగకండి. కష్టపడినోళ్ల గుర్తులూ వెతకండి.