గురికి లెక్క కట్టిన కథ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1906 దాకా బంతిని ముందుకు విసరడం నిషిద్ధం. ఆటంటే గుంపుగా ఎదుటివాళ్ల మీద పడి తోసుకుంటూ పోవడమే. 1905లో మైదానాల్లో కుర్రాళ్లు ప్రాణాలే పోగొట్టుకోవడంతో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను చక్కదిద్దమన్నాడు. మరుసటి ఏడు వచ్చిన మార్పుల్లో ఫార్వర్డ్ పాస్ ఒకటి. 1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషాలో, సెయింట్ లూయీ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ తొలి పాస్ విసిరాడు. దాన్ని ఎవరూ అందుకోలేదు. ఎవరి చెయ్యీ తగలకుండా నేలపడ్డ బంతి ఎదుటి జట్టుకే చెందుతుందని అప్పటి నిబంధన. బంతి వాళ్లకే పోయింది. తర్వాత విసిరిన పాస్‌ను జాక్ ష్నైడర్ అందుకుని, ఎదుటివాళ్ల గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు.

గురి తప్పితే బంతే పోయే కాలంలో గురి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ శిక్ష తొలగి, పాసులు పెరిగాక వాటిని విసిరే క్వార్టర్‌బ్యాక్‌లను పోల్చి చూడాల్సి వచ్చింది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మొదట్లో ఎవరు ఎక్కువ గజాలు సంపాదిస్తే వాళ్లే మేటి అంది. 1938 నుంచి కొన్నేళ్లు విసిరిన పాసుల్లో ఎన్ని అందాయన్న శాతాన్ని పట్టుకుంది. ఆపైన రకరకాల అంశాల్లో ర్యాంకులు ఇచ్చి కలిపింది. ఆ పద్ధతిలో తన స్థానం ఎంతో తేలడానికి ఆటగాడు మిగతావాళ్ల ఆట ముగిసేదాకా ఆగాల్సి వచ్చేది. చివరికి ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పనిచేసే డాన్ స్మిత్ ముందుండి కట్టిన సూత్రం 1973లో అమల్లోకి వచ్చింది. ఎవరి రేటింగ్ వాళ్ల పాసులతోనే తేలిపోయే సూత్రం అది. అందులో ఎవరికైనా దక్కే గరిష్ఠ అంకె 158.3.

కాలేజీ ఆటకు 1979లో వేరే సూత్రం వచ్చింది. చేతితో వేసుకోగలిగినంత తేలికైనది. అందిన ప్రతి పాస్‌కూ 100, ప్రతి గజానికీ 8.4, టచ్‌డౌన్‌కు 330 కలుపుతారు. ఎదుటివాళ్లు పట్టేసుకున్న ప్రతి పాస్‌కూ 200 తీసేస్తారు. మొత్తాన్ని విసిరిన పాసుల సంఖ్యతో భాగిస్తారు. 1965 నుంచి 1978 దాకా ఆడినవాళ్ల సగటు 100 వచ్చేలా దీన్ని అమర్చారు. ఇప్పుడు ఒక్క పాస్ తీసుకుని చూడండి. పక్కనున్నవాడికి బంతి అందించి, ఒక్క గజమూ ముందుకు పోకపోయినా ఆ పాస్‌కు 100 పడుతుంది. అంటే ఏ లాభమూ తేని పాస్‌తో ఆనాటి సగటు ఆటగాడికి సమానమైపోవచ్చు! ఈ లోపం అప్పుడు పెద్దగా బాధించలేదు, ఎందుకంటే పాసులు ఎక్కువగా దూరానికే విసిరేవాళ్లు. ఆ అలవాటును మార్చే పని అప్పటికే సిన్సినాటిలో మొదలైంది.

1969లో సిన్సినాటి బెంగాల్స్ జట్టుకు గ్రెగ్ కుక్ అనే కొత్త కుర్రాడు దొరికాడు. దూరాలకు బంతిని అలవోకగా పంపే చెయ్యి. మూడో ఆటలోనే భుజం దెబ్బతింది. 1970 వచ్చేసరికి అతను ఆడే స్థితిలో లేడు. ఆ స్థానంలోకి వచ్చిన వర్జిల్ కార్టర్‌ది బలమైన చెయ్యి కాదు. బుర్ర చురుకు, గురి బాగుంది, కాళ్లలో వేగం ఉంది. సహాయ కోచ్ బిల్ వాల్ష్ కార్టర్‌కు లేని బలం కోసం ఏడుస్తూ కూర్చోలేదు, ఉన్నదాని చుట్టూ ఆట కట్టాడు. క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వేసే అడుగులకూ, బంతి అందుకునే రిసీవర్ పరుగుకూ లెక్క కుదిర్చాడు. బంతి దగ్గరగా, అడ్డంగా, త్వరగా వెళుతుంది. అందుకున్నవాడు ఆగకుండా పరుగెడతాడు. 1970లో ఏడింట ఆరు ఓడి, మిగిలిన ఏడూ గెలిచి ఆ జట్టు తన విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. 1971లో అందిన పాసుల లెక్కలో కార్టర్ 62.2 శాతంతో లీగ్‌లోనే మేటి. వెస్ట్ కోస్ట్ అఫెన్స్ అనే పేరుతో తర్వాత దేశమంతా పాకిన పద్ధతికి ఇదే మొదలు.

ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది మరొకటుంది. ఆ కార్టరే నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చదువుతూ, రాబర్ట్ మాకల్ అనే ఆచార్యుడితో కలిసి 1969 సీజన్ ఆటలను లెక్కగట్టి 1971లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. మైదానంలో బంతి ఎక్కడుంటే సగటున ఎన్ని పాయింట్లు వస్తాయో అందులో తేల్చారు. సొంత గోల్ ముంగిట బంతి చేతిలో ఉన్నా విలువ సున్నా కంటే తక్కువే. అవతలి గోల్ ముందరైతే సుమారు ఆరు. ఈనాటి ఆట విశ్లేషణకు పునాది ఈ ఆలోచనే. బంతిని నిలుపుకోవడానికి పది గజాలు కావలసిన మూడో ప్రయత్నంలో నాలుగు గజాల పాస్ అందితే శాతం పెరుగుతుంది, జట్టుకు ఒరిగేది శూన్యం. కొత్త తరహా గురికి తొలి ఉదాహరణగా నిలిచిన ఆటగాడే, ఆ గురిని శాతంతో కొలిస్తే చాలదని చూపే సాధనాన్నీ అందించాడు.

వాల్ష్ పాఠాలు హోమ్‌గ్రెన్, గ్రూడెన్ అనే కోచ్‌ల మీదుగా న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ కోచ్ షాన్ పేటన్‌కు చేరాయి. అక్కడ పనిచేసిన జో బ్రేడీ 2019లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఏడాది అక్కడి క్వార్టర్‌బ్యాక్ జో బరో 57.8 శాతం పాసులు అందించాడు. 2019లో అది 76.3 అయింది. 60 టచ్‌డౌన్లు, ఎదుటివాళ్లు పట్టేసుకున్న పాసులు 6; కాలేజీ సూత్రం ప్రకారం రేటింగ్ 202. జట్టు ఒక్క ఆటా ఓడకుండా జాతీయ విజేత అయింది. ఒక్క వేసవిలో చెయ్యి మారిపోదు కదా! మైదానమంతా పరుచుకున్న రిసీవర్లూ, వాళ్లలో జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ వంటివాళ్లూ, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో ముందే తేలిపోయే ఆటతీరూ బరోలో ఉన్న గురిని బయటికి తెచ్చాయి.

క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ కథ ఇంకో రకం. వయోమింగ్ యూనివర్సిటీలో అతని శాతం 56. గురి లేదని ఎందరో పెదవి విరిచారు. 2018లో తీసుకున్న బఫలో జట్టు అతని అడుగులు సరిదిద్దింది, ఆటను అతనికి తగ్గట్టు మలిచింది, 2020లో స్టెఫాన్ డిగ్స్ అనే మంచి రిసీవర్‌ను తెచ్చింది. ఆ ఏడు అతని శాతం 69.2.

ఆటగాళ్ల భుజకవచాల్లో, బంతిలో పెట్టిన చిప్‌ల సాయంతో ఎన్‌ఎఫ్‌ఎల్ 2018 నుంచి ప్రతి పాస్ ఎంత కష్టమైనదో కూడా అంచనా కడుతోంది. తేలిక పాసులతో పెరిగిన శాతాన్ని ఈ అంచనా పట్టుకుంటుంది. రిసీవర్ పరుగు ఆపకుండా బంతి ఛాతీ ముందుకు వచ్చిందా, వెనక్కి తిరిగి వంగి అందుకోవాల్సి వచ్చిందా అన్నది మాత్రం కన్నుతో చూసి తెలుసుకోవాల్సిందే.

అమెరికా యూనివర్సిటీల్లో చదివే తెలుగు పిల్లలు శనివారాలు ఈ ఆటకు వెళుతుంటారు. వాళ్లకో మాట. స్కోర్‌బోర్డు మీద శాతం చూసి ఆగిపోకండి. బంతి గాల్లో ఎన్ని గజాలు వెళ్లిందో, రిసీవర్ అడుగు తడబడిందో లేదో చూడండి. ఆ కుర్రాడికి తగిన ఆటను కోచ్ కట్టాడా లేదా అన్నది ఆ తర్వాత మీకే కనిపిస్తుంది.