బహుళ ప్రాంత కంటెయినర్ క్లస్టర్ల అనుసంధానం

బహుళ ప్రాంత కంటెయినర్ క్లస్టర్ల అనుసంధానం అనగా వేర్వేరు ప్రాంతాలలోని కుబెర్నెటిస్ క్లస్టర్లను ఒకే ప్రైవేటు క్లౌడ్ నెట్‌వర్కులో కలుపుట. ఒక ప్రాంతంలోని డేటా కేంద్రాలు ఆగిపోయినను సేవ కొనసాగుట దీని ముఖ్యోద్దేశము.

గూగుల్ క్లౌడ్‌లో ప్రైవేటు నెట్‌వర్కు ప్రపంచవ్యాప్తమైనది. సబ్‌నెట్లు మాత్రం ప్రాంతీయమైనవి. కనుక 2017లో మొదలైన ముంబై ప్రాంతంలోని పాడ్‌లు, 2021లో మొదలైన ఢిల్లీ ప్రాంతంలోని పాడ్‌లతో అంతర్గత ఐపీ చిరునామాల ద్వారానే సంభాషించగలవు. ఇందుకు పాడ్ చిరునామాల శ్రేణులు ఒకదానితో ఒకటి కలియరాదు. ఫైర్‌వాల్ నియమాలు అనుమతించవలెను.

పరిమితులు

క్లస్టరు లోపలి సేవా చిరునామా ఆ క్లస్టరుకే పరిమితము. బయటి క్లస్టర్లకు సేవనందించుటకు అంతర్గత లోడ్ బ్యాలెన్సర్ వాడుదురు. దానిని ఇతర ప్రాంతాల నుండి చేరుటకు విడిగా అనుమతి అమర్చవలెను. స్టాండర్డ్ క్లస్టరులో సాధారణంగా ప్రతి నోడుకు 256 పాడ్ చిరునామాలు కేటాయింపబడును. శ్రేణి చిన్నదైనచో, అదనపు శ్రేణి చేర్చువరకు క్రొత్త నోడులు చేరజాలవు.