పాపము, రక్షణ, విశ్వాసము : విశాఖ మండలమున మూడు మాటల చరిత్ర

అనకాపల్లి బెల్లపు బజారులో బండిమీది దిమ్మ జారి యొక కూలివాని కాలిపై బడినచో, చూచువారి నోట మొదట వెలువడు మాట 'పాపం'. వాడు పాపాత్ముడని వారి భావము కాదు, వానియెడల జాలి. సంస్కృతమున దుష్కృతమును తెలుపు పదము తెలుగు నోట దుఃఖితుని యెడ దయను తెలుపు మాట యైనది. దుఃఖము పూర్వ దుష్కృతఫలమను నమ్మకమే ఈ అర్థపరిణామమునకు మూలమై యుండునని నా యూహ. క్రైస్తవమతము తన సిద్ధాంతమును తెలుగున చెప్పదొరకొన్నప్పుడు దానికి చేతికందినది ఈ మాటయే.

తెలుగున క్రైస్తవ వాఙ్మయమున కాద్యుడు బెంజమిను షుల్జ్. ఈ లూథరను బోధకుడు 1732 నాటికి బైబిలునంతయు తెనిగించెను గాని యది అచ్చు కాలేదు. 1746, 1747 సంవత్సరములలో జర్మనీయందలి హాలే పట్టణమున ఆయన చిన్న తెలుగు పుస్తకములు కొన్ని ముద్రితములయ్యెను. మన మండలపు కథ 1805లో మొదలగును. లండను మిషనరీ సంఘము పంపిన జార్జి క్రాన్, ఆగస్టసు డెగ్రాంజ్ అనువారు ఆ యేట విశాఖపట్టణమున దిగిరి. వారికి అనువాదమున తోడ్పడినవాడు ఆనందరాయరు, క్రైస్తవమును స్వీకరించిన బ్రాహ్మణుడు. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించిరి. వారి కృషిఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. తరువాత విశాఖకు వచ్చిన ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడినది. ఈ చరిత్రలలో దొరల పేర్లు పెద్దవిగాను, ఆనందరాయరు పేరు చిన్నదిగాను కనబడుట న్యాయము కాదు. పదముల బరువు తెలిసినవాడు ఆయనయే గదా!

గ్రీకు మూలమున పాపమునకు 'హమర్తియా' యని పేరు. బాణము గురి తప్పుట దాని మొదటి యర్థము. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో పాపము కేవలము చేసిన పని కాదు. మనుష్యుని ఏలుచున్న ప్రభుత్వము. అయిదవ శతాబ్దిలో అగస్తీను, మనుష్యుడు స్వప్రయత్నముచే నిర్దోషి కాగలడను పెలాగియుసు పక్షమును ఖండించుచు, ఆదామునుండి సంక్రమించు దోషమును స్థాపించెను. దీనికి తెలుగు క్రైస్తవులు 'జన్మపాపము' అనిరి. స్వయముగా చేసినది 'కర్మపాపము'. ఇచటనే చిక్కు వచ్చినది. జన్మపాపమనగానే తెలుగువాడు పూర్వజన్మమును తలచును. తాను చేసినది తానే అనుభవించుట కర్మసిద్ధాంతము. తాను చేయనిదానిలో సర్వమానవులతో భాగస్వామియగుట ఆదాము కథ. ఒక్క సమాసము ఈ రెంటిని మోయలేకపోయినది.

'సోతేరియా' యను పదమునకు మోక్షమో ముక్తియో సిద్ధముగా నుండెను. అయినను తెలుగు బైబిలున స్థిరపడినది 'రక్షణ'. మోక్షము విడుదల, జ్ఞానముచే బంధము తెగిన చాలును, విడిపించువాడు వేరొకడు ఉండవలసిన పని లేదు. రక్షణ యనినంతనే రక్షకుడు కావలెను. తెలుగు వాక్యమున పాపము 'చేయుదుము', రక్షణ 'పొందుదుము'. సిద్ధాంతమంతయు ఈ రెండు క్రియలలో నున్నది. 'మెటనోయియా'కు వాడుచున్న 'మారుమనస్సు' సయితము 'పొందు' ధాతువుతోనే చేరును. పశ్చాత్తాపము జరిగినదానికై కుములుట మాత్రమే. మారుమనస్సు మనస్సే వేరొకటియగుట. గ్రీకునకు ఇంత సన్నిహితమైన మాట, అదియు సగము అచ్చతెనుగు, మరియొకటి నాకు కనబడలేదు.

పాత మాటలు మాత్రము పూర్తిగా పోలేదు. కతోలికులు నేటికిని క్రీస్తు పరలోకమున కేగుటను మోక్షారోహణమందురు. 1803లో జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో మరణించిన పురుషోత్తమ చౌధరి తన గ్రంథములకు 'నిస్తార రత్నాకరము', 'ముక్తిమార్గ ప్రదర్శనము' అని పేర్లిడెను. గద్యానువాదము విడిచిన మాటను కవి విడువలేదు. శ్రోత యెరిగిన దాహమును పేరుపెట్టి పిలిచి, పిమ్మట తన నీటిని చూపుట ఆయన పద్ధతి. ఆయన కీర్తనలు నేడును ఆంధ్ర క్రైస్తవ సంఘములలో పాడబడుచున్నవి.

ఇక విశ్వాసము. వాడుకలో ఈ మాట కుక్కకు చెల్లినంతగా మనుష్యునకు చెల్లదు! పరిహాసమట్లుండ, గ్రీకు 'పిస్తిస్' నమ్మకమునకును, నమ్మదగినతనమునకును సమానముగా వర్తించును గనుక ఈ ఎన్నిక బాగుగనే కుదిరినది. అంతకన్న గమనింపదగినది వేరొకటి కలదు. వైష్ణవాగమములు శరణాగతికి ఆరంగములు చెప్పును. అందొకటి భగవంతుడు రక్షించునను విశ్వాసము. రక్షణయు విశ్వాసమును అక్కడ ముందే జంటగా నున్నవి. సింహాచల స్వామిని కొలుచు ఈ మండలమున ప్రపత్తి క్రొత్త మాట కాదు. తల్లిని పట్టుకొన్న కోతిపిల్ల వలెనా, తల్లి నోట కరచుకొన్న పిల్లికూన వలెనా యను వివాదమును క్రొత్తది కాదు. పూర్వానువాదకులు మోక్షశాస్త్రపు పరిభాషను విడిచి శరణాగతి పరిభాషను చేపట్టిరని నా యభిప్రాయము. ఇది ఆనందరాయరు బుద్ధిపూర్వకముగా చేసినదని నేననను; ఆ మాటలు ఆయన చుట్టునున్న గాలిలో నుండెను.

ఐనను కృప యొక్కటే గదా యని రెంటిని కలిపివేయుట పొరపాటు. శరణాగతుని విశ్వాసమునకు ఆధారము భగవంతుని స్వభావము, ఆయన రక్షించును. లూథరు పదునారవ శతాబ్దిలో మరల నొక్కిచెప్పిన విశ్వాసమునకు ఆధారము పిలాతు అధికారమున యెరూషలేము వెలుపల జరిగిన యొక మరణము, ఆయన రక్షించెను. భవిష్యత్తు నాశించుట క్రైస్తవునకు లేకపోలేదు గాని, వాని ఆశ జరిగిపోయిన దానిమీద నిలుచును. అందుచేతనే కాబోలు తెలుగు క్రైస్తవుడు క్రీస్తును 'నమ్ముట'తో తృప్తిపడక, క్రీస్తు'నందు విశ్వాసముంచు'నని సప్తమీ విభక్తితో చెప్పుకొనును.